కాలేజీ క్వార్టర్‌బ్యాక్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడతాడా? డ్రాఫ్ట్‌కు ముందే అంచనా వేయడం ఎలా

ఏప్రిల్ చివర్లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం. హడావిడి మాత్రం రెండు నెలల ముందే మొదలవుతుంది. అమెరికాలో ఫ్రిస్కోలో ఉన్నా ఎడిసన్‌లో ఉన్నా, ఫ్యాంటసీ లీగ్ ఆడే మనవాళ్ల వాట్సాప్ గ్రూపు తెరిచి చూడండి. "ఈ కుర్రాడు ఇంకో మహోమ్స్ రా" అని ఒక వర్గం, "వీడి మొహం, అంతా కోచ్ గొప్ప" అని ఇంకో వర్గం కత్తులు నూరుకుంటూ ఉంటాయి. తీరా చూస్తే రెండు వర్గాలూ చూసింది ఒకటే నాలుగు నిమిషాల హైలైట్స్ వీడియో.

స్కౌట్లను దేశమంతా తిప్పి, కోట్లు ఖర్చుపెట్టే జట్లకే ఈ లెక్క తప్పుతూ ఉంటుంది. 2018 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు, అంటే ఆట నడిపిస్తూ పాసులు వేసేవాళ్లు, వెళ్లారు. 2021లో మరో ఐదుగురు. ఆ పదిమందిలో తమను తీసుకున్న జట్టులోనే పాతుకుపోయినవాళ్లు ముగ్గురు: బఫలోలో జాష్ అలెన్, బాల్టిమోర్‌లో లమార్ జాక్సన్, జాక్సన్‌విల్‌లో ట్రెవర్ లారెన్స్. మిగతా ఏడుగురూ తలో దారీ పట్టారు. కాబట్టి కింద చెప్పేది జోస్యం చెప్పే విద్య కాదు. మీ గ్రూపులో గాలివాటంగా మాట్లాడేవాళ్ల కంటే కాస్త మెరుగైన అంచనాకు వచ్చే పద్ధతి, అంతే. చేతిని చూసే సమయం తగ్గించి, కళ్లనూ కాళ్లనూ చూసే సమయం పెంచడమే ఇందులో కీలకం.

ముందు ఏ మ్యాచ్‌లు చూడాలో తేల్చుకోండి

హైలైట్స్ పక్కన పెట్టేయండి. అవి అరచేతిలో వైకుంఠం చూపిస్తాయి. అరవై యార్డుల బాంబు లాంటి పాస్ వేసిన స్నాప్ (బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి అందడంతో మొదలయ్యే ఒక్కో ఆట) ఉంటుంది, అంతకుముందు ఖాళీగా ఉన్న రిసీవర్‌ను, అంటే పాస్ పట్టుకునేవాణ్ని, చూడకుండా వదిలేసిన మూడు స్నాప్‌లు ఉండవు.

నాలుగు పూర్తి మ్యాచ్‌లు ఎంచుకోండి. ఆ సీజన్‌లో అతను ఎదుర్కొన్న గట్టి డిఫెన్స్ మీద ఆడినది ఒకటి. బాగా చెడిపోయినది ఒకటి. రెండో అర్ధభాగంలో వెనకబడి ఉండి, పరిగెత్తే ఆట వదిలేసి పాసులే వేయాల్సి వచ్చినది ఒకటి. నాలుగోది అంతకుముందు ఏడాదిది. చాలామంది ఈ నాలుగోదాన్ని ఎగ్గొడతారు. కానీ కుర్రాడు ఏడాదిలో ఏం మార్చుకున్నాడో తెలిసేది అక్కడే. జో బరో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ)లో 2018లో 57.8 శాతం పాసులు పూర్తి చేసి 16 టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరి గీత దాటించే స్కోర్లు) వేశాడు. 2019లో 76.3 శాతం, 60 టచ్‌డౌన్లు. అంత పెద్ద తేడా కనబడితే "అబ్బో" అని ఊరుకోకుండా కారణం వెతకాలి. కొత్త పాసింగ్ పద్ధతి వచ్చింది, పక్కన జమార్ చేస్, జస్టిన్ జెఫర్సన్ లాంటి రిసీవర్లున్నారు. కానీ ఒత్తిడిలో పాకెట్‌లో, అంటే తనవాళ్లు చుట్టూ కాపాడే చోట, నిలబడి, దెబ్బ తింటూ కూడా బంతి వదిలే గుణం 2018లోనే ఉంది. జట్టు మారినా వెంట వచ్చేది ఆ గుణమే.

చూసే విధానం కూడా మార్చుకోవాలి. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది, మీ కళ్లూ దాని వెంటే పోతాయి. రిమోట్ చేతిలో పెట్టుకుని స్నాప్‌కు ముందు ఆపండి. వెనక లోతుగా ఒక సేఫ్టీ (అందరికంటే వెనక నిలబడే డిఫెండర్) ఉన్నాడా, ఇద్దరున్నారా? కొన్నిసార్లు ఫ్రేములో కనబడరు, రీప్లేలో కనబడతారు. తర్వాత స్నాప్ నడిపించి, బంతి చేయి దాటేదాకా క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్ ఎటు తిరుగుతోందో మాత్రమే చూడండి. రెండోసారి కాళ్లు. పాస్ పూర్తయిందా లేదా అన్నది చివరికి చూసినా నష్టం లేదు. మొదట్లో ఇది విసుగు పుట్టిస్తుంది. అరగంట దాటాక మాత్రం మామూలుగా చూడటమే కష్టమవుతుంది.

కాలేజీ ఆట ఇచ్చే రాయితీలు తీసెయ్యండి

మైదానం చూడటానికి ఒకటే. నిబంధనల్లో కొన్ని తేడాలున్నాయి, అవన్నీ కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌కు కలిసొచ్చేవే.

ప్రతి స్నాప్‌కూ బంతి పెట్టే చోటుకు హద్దులైన హ్యాష్ గుర్తుల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులు. అంటే కాలేజీలో బంతి ఓ పక్క హ్యాష్ మీద పెడితే అవతలి వైపు బోలెడంత ఖాళీ. డిఫెన్స్ సాగదీసిన రబ్బరులా అయిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి ఎప్పుడూ దాదాపు మధ్యలోనే ఉంటుంది, కిటికీలు ఇరుకు.

ఇంకోటి లైన్‌మెన్, అంటే క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి కాపాడేవాళ్ల, నిబంధన. పాస్ వేసే ఆటలో కాలేజీ లైన్‌మెన్ మూడు యార్డులదాకా ముందుకు పోవచ్చు, ప్రొఫెషనల్ ఆటలో ఒక్క యార్డు. ఆర్‌పీఓ అనే ఆట, అంటే పరుగా పాసా అన్నది స్నాప్ అయ్యాక తేల్చుకునేది, కాలేజీలో అంత విరివిగా నడవడానికి సగం కారణం ఆ రెండు యార్డులే. అక్కడ క్వార్టర్‌బ్యాక్ ఒక్క లైన్‌బ్యాకర్‌ను (ప్రత్యర్థి ముందు వరస వెనక నిలబడే డిఫెండర్‌ను) చూస్తే చాలు. అతను ముందుకొస్తే వెనక పాస్, వెనక్కెళితే పరుగు.

మూడోది సైడ్‌లైన్. స్నాప్‌కు ముందు జట్టంతా ఒక్కసారిగా తల తిప్పి, కోచ్‌లు ఎత్తి చూపే బోర్డుల వైపు చూడటం మీరు గమనించే ఉంటారు. డిఫెన్స్‌ను చదివేది కోచ్, ఆట మార్చేది కోచ్. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో హెల్మెట్‌లో కోచ్ గొంతు వినబడుతుంది గానీ, స్నాప్‌కు గడువు చూపే ప్లే క్లాక్ 15 సెకన్లకు రాగానే ఆగిపోతుంది. ఆ తర్వాత మీవాడూ, అతని బుర్రా. 2024 నుంచి పెద్ద కాలేజీల్లోనూ హెల్మెట్ మాటలు వచ్చాయి కాబట్టి ఈ తేడా తగ్గుతోంది, పోలేదు.

అందుకని ఒక కాగితం తీసుకుని ప్రతి పాస్‌కూ గీత గీయండి. స్క్రీన్ పాసులు (లైన్ వెనకే ఉన్నవాడికి వేసే చిన్న పాసులు), ఆర్‌పీఓలు, స్నాప్ అందగానే ముందే రాసిపెట్టినట్టు వదిలే చిన్న పాసులు ఒక వరసలో. మిగిలినవి ఇంకో వరసలో. 35 పాసుల్లో 15 మొదటి వరసలో పడితే, అతని పరీక్ష పేపరు మిగిలిన 20 మాత్రమే. రంజీల్లో చదును పిచ్ మీద కొట్టిన సెంచరీలు తీసేసి, బంతి లేచిన రోజు ఎలా ఆడాడో చూసి టెస్టు జట్టుకు ఎంపిక చేయడం లాంటిదే ఇది.

ఒక హెచ్చరిక. దీన్ని ఇంకా దూరం లాగి, ఫలానా పద్ధతిలో ఆడేవాళ్లెవరూ పనికిరారు అనే దాకా పోకండి. "ఎయిర్ రెయిడ్ (పాసుల మీదే నడిచే కాలేజీ పద్ధతి) కుర్రాళ్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడలేరు" అనేది చాలాకాలం వేదవాక్కులా నడిచింది. టెక్సస్ టెక్‌లో అదే పద్ధతిలో ఆడిన పాట్రిక్ మహోమ్స్‌ను 2017లో కాన్సస్ సిటీ డ్రాఫ్ట్ వరసలో 27వ స్థానం నుంచి 10కి ఎగబాకి మరీ తీసుకుంది. తర్వాత అతను లీగ్‌లోకెల్లా పెద్ద స్టార్లలో ఒకడయ్యాడు. పద్ధతి అయిపోయిన చోట, అనుకున్నది కుదరని స్నాప్‌లో కుర్రాడు ఏం చేశాడన్నదే చూడాలి.

ఒక మ్యాచ్, రెండు స్నాప్‌లు

కళ్లూ కాళ్లూ అంటే ఏమిటో అర్థం కావాలంటే 2018 జనవరి 8న అట్లాంటాలో జరిగిన కాలేజీ ఫైనల్ చూడండి. అలబామా, జార్జియా. అర్ధభాగానికి అలబామా 0-13తో వెనకబడి ఉంటే, కోచ్ తన స్టార్టర్ జేలెన్ హర్ట్స్‌ను కూర్చోబెట్టి ఫ్రెష్‌మ్యాన్ (మొదటి ఏడాది విద్యార్థి) తువా టాగోవైలోవాను దింపాడు. మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్లింది. జార్జియా మూడు పాయింట్లు చేసింది. ఇప్పుడు అలబామా వంతు, 25 యార్డుల గీత దగ్గర నుంచి.

మొదటి స్నాప్. తువా వెనక్కి పడ్డాడు, దారి దొరకలేదు. బంతి బయటకు విసిరేసి ఉంటే పోయేది, ఇంకా రెండు అవకాశాలు ఉండేవి. అతను వెనక్కీ వెనక్కీ జరుగుతూ పట్టుకునే ఉన్నాడు. 16 యార్డుల నష్టంతో సాక్, అంటే బంతి వదలకముందే పడగొట్టేశారు. ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని మూడు పాయింట్లు తెచ్చే అవకాశం) దూరం కూడా చేయి జారేట్టు అయింది. ఈ స్నాప్‌ను కాగితం మీద ఎర్రసిరాతో రాసుకోవాలి.

రెండో స్నాప్, 26 యార్డులు కావాలి. వెనక ఇద్దరు సేఫ్టీలు. తువా బంతి అందుకున్న వెంటనే ఎడమవైపు చూడలేదు. హెల్మెట్‌ను కుడివైపుకే ఉంచాడు. ఎడమ పక్క సేఫ్టీ ఆ చూపును నమ్మి, తన వైపు పరిగెత్తాల్సిన క్షణంలో మధ్యలోనే ఆగిపోయాడు. అప్పుడు తల తిప్పి, ఎడమ సైడ్‌లైన్ వెంట పోతున్న డెవాంటా స్మిత్‌కు వేశాడు. 41 యార్డులు, టచ్‌డౌన్, 26-23, టైటిల్.

హైలైట్స్‌లో కనబడేది ఆ పాస్ వంపు. ఆట గెలిపించింది మాత్రం బంతి వదలకముందు ఆ తల నిలిపిన క్షణం. 19 ఏళ్ల కుర్రాడు, అప్పుడే పెద్ద తప్పు చేసి, ఫైనల్ చివరి స్నాప్‌లో సేఫ్టీని కళ్లతో కదిలించాడంటే అది నేర్పితే వచ్చే విద్య ఒక్కటే కాదు. అదే సమయంలో మొదటి స్నాప్ కూడా అబద్ధం కాదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తువా కథ ఈ రెండు స్నాప్‌ల మధ్యే నడిచిందని నా అభిప్రాయం. అనుకున్న టైమింగ్‌లో బంతి వదలగలిగినప్పుడు అద్భుతం. 2023లో లీగ్ మొత్తం మీద ఎక్కువ పాసింగ్ యార్డులు అతనివే. ఆట విరిగిపోయి శరీరం మీదకు వచ్చినప్పుడు దెబ్బలు, గాయాలు.

ఇక ఆ రోజు బెంచి మీద కూర్చున్న హర్ట్స్? ఓక్లహోమాకు మారాడు, ఆఖరి ఏడాది దాదాపు 70 శాతం పాసులు పూర్తి చేశాడు, 2020లో 53వ పిక్‌గా ఫిలడెల్ఫియాకు వెళ్లాడు, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, అయ్యాడు. ఏటా ఎంత మెరుగయ్యాడన్న గీతను చూసినవాళ్లకు అతనిలో ఏదో కనబడింది. ఒక్క రాత్రిని చూసినవాళ్లు వదిలేసుకున్నారు.

ఒత్తిడి లెక్క మీరే కట్టండి

నాకు ఒకే ఒక్క అంకె చూసే అవకాశం ఇస్తే టచ్‌డౌన్లు అడగను. ఒత్తిడి వచ్చిన స్నాప్‌లలో ఎన్ని సాక్‌లయ్యాయో అడుగుతాను. లైన్ బలహీనమైతే ఒత్తిడి ఎక్కువ వస్తుంది, అది కుర్రాడి తప్పు కాదు. వచ్చిన ఒత్తిడిని సాక్‌గా మార్చుకోవడం మాత్రం చాలావరకు అతని చేతిలో పని, జట్టు మారినా ఆ అలవాటు వెంట వస్తుంది.

ఈ లెక్కలు అమ్మే సంస్థలున్నాయి. డబ్బు పెట్టనక్కర్లేదు, మీ నాలుగు మ్యాచ్‌లు చాలు. డిఫెండర్ చేతికందేంత దగ్గరకు వచ్చినా, క్వార్టర్‌బ్యాక్ తన చోటు వదిలి కదలాల్సి వచ్చినా ఒక గీత. సాక్ అయితే దాని మీద అడ్డగీత. 40 గీతల్లో 6 అడ్డగీతలుంటే 15 శాతం, హాయిగా నిద్రపోవచ్చు. 8 ఉంటే ఫర్వాలేదు. 10 అయి 25 శాతం తాకితే, ఆ కుర్రాడి చేయి ఎంత గొప్పదైనా ఆలోచించాల్సిందే.

అధికారిక గణాంకాలు చూసేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోండి. కాలేజీ లెక్కల్లో సాక్‌లో పోయిన యార్డులను క్వార్టర్‌బ్యాక్ పరుగుల ఖాతాలోంచి తీసేస్తారు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్టు పాసింగ్ ఖాతాలోంచి. అందుకే కాలేజీలో ఒక కుర్రాడికి "పరుగులు మైనస్ 60 యార్డులు" అని కనబడితే కదల్లేడని కాదు, బహుశా ఎక్కువ సాక్‌లు తిన్నాడని. అతని పాసింగ్ సగటు కూడా ఉన్నదానికంటే అందంగా కనబడుతోందని దానర్థం.

గీతలు గీస్తూనే ఎటు తప్పించుకుంటున్నాడో చూడండి. అంచుల నుంచి ఒత్తిడి వస్తే ముందుకు రెండడుగులు వేసి పాకెట్‌లోకి దూరేవాడు మంచివాడు. గిర్రున వెనక్కి తిరిగి పరిగెత్తేవాడు కాలేజీలో శనివారం మధ్యాహ్నం హీరో, ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అంచు నుంచి దూసుకొచ్చే 260 పౌండ్ల ఎడ్జ్ రషర్ ముందు ఆ పప్పులుడకవు. వెనక్కి జరిగే అలవాటుంటే పాపం లైన్ అంచుల్లో కాపాడే టాకిల్స్ కూడా ఏమీ చేయలేరు, వాళ్లు కాపాడుతున్న చోట మనిషే ఉండడు. అన్నిటికంటే ప్రమాదకరం చూపు దిగిపోవడం. రిసీవర్ల మీద ఉండాల్సిన కళ్లు ముందున్న రషర్ల మీద పడ్డాయంటే ఆ స్నాప్ అయిపోయినట్టే.

కేలబ్ విలియమ్స్ యూఎస్‌సీ కాలేజీ జట్టులో ఉన్నప్పుడే బంతి ఎక్కువసేపు పట్టుకుంటాడన్న మాట ఉండేది. షికాగోలో 2024 మొదటి సీజన్‌లో 68 సాక్‌లు. అన్నీ అతని ఖాతాలో వేయడం అన్యాయం, ఆ ఏడాది కోచ్‌నూ కోఆర్డినేటర్‌నూ సీజన్ మధ్యలోనే పంపించేశారు. అయినా కాలేజీ మ్యాచ్ వీడియోల్లో కనబడింది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మాయమవ్వలేదు.

కంప్లీషన్ శాతం కాదు, బంతి ఎక్కడ పడుతోంది?

అడ్డంగా రెండు యార్డులు విసిరినా కంప్లీషనే, అంటే పూర్తయిన పాసే. అందుకే రిసీవర్ శరీరాన్ని చూడండి. పరుగు ఆపకుండా అందుకున్నాడా, లేక వెనక్కి తిరగాల్సి వచ్చిందా? డిఫెండర్ లేని భుజం వైపు పడిందా? పూర్తయిన పాసు కూడా చెడ్డ పాసు కావచ్చు. ఐదు యార్డుల స్లాంట్‌ను (మధ్యలోకి ఏటవాలుగా పరిగెత్తేవాడికి వేసే పాసును) రిసీవర్ వెనక భుజం మీదకు వేస్తే పట్టుకుంటాడు, అక్కడే పడిపోతాడు. అర అడుగు ముందుకు వేస్తే ఇరవై యార్డులు పరిగెత్తుతాడు.

ఇంటర్‌సెప్షన్లనూ (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాసులనూ) ఒకే గాటన కట్టొద్దు. రిసీవర్ చేతుల్లోంచి ఎగిరి పోయినది వదిలేయండి. ఆఖరి నిమిషంలో గత్యంతరం లేక వేసినదీ వదిలేయండి. మధ్యలో కింద దాక్కున్న లైన్‌బ్యాకర్‌ను చూడకుండా అతని గుండెల మీదకే వేసినది రాసుకోండి. అదే తప్పు మూడు మ్యాచ్‌లలో కనబడితే గుండ్రంగా చుట్టుకోండి.

ఇక్కడ అందరూ జాష్ అలెన్ పేరు ఎత్తుతారు. వాయోమింగ్‌లో 56.2 శాతం, బఫలోలో మొదటి ఏడాది 52.8 శాతం, 2020కల్లా 69.2 శాతం, 2024లో ఎంవీపీ. నిజమే. ఆ ఒక్క పేరు చెప్పి ప్రతి గురి లేని బలమైన చేతికీ టికెట్ కొట్టేస్తున్నారు, నా గొడవ దానితోనే. జేక్ లాకర్ వాషింగ్టన్ యూనివర్సిటీలో 54 శాతంతో 2011లో 8వ పిక్‌గా వెళ్లాడు, నాలుగు సీజన్లు ఆడి రిటైరయ్యాడు. ఆంథనీ రిచర్డ్‌సన్ ఫ్లోరిడాలో 54.7 శాతం, 2023లో 4వ పిక్, 2024లో ఇండియానాపొలిస్‌కు 47.7 శాతం. గురి బాగుపడటం జరుగుతుంది, అరుదుగా. ఆ అరుదైనదాని మీద మీ ఫస్ట్ రౌండ్ పిక్ పెట్టకండి.

ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, ఎవరి మీద ఆడాడు, ఎంత వయసు

బిల్ పార్సెల్స్ అనే పాతకాలపు కోచ్‌కు కొన్ని కట్టుబాట్లుండేవి. క్వార్టర్‌బ్యాక్ సీనియర్ అయి ఉండాలి, డిగ్రీ పూర్తి చేసి ఉండాలి, మూడేళ్లు స్టార్టర్‌గా ఆడి ఉండాలి, 23 మ్యాచ్‌లు గెలిచి ఉండాలి. చాదస్తంలా అనిపిస్తుంది గానీ, కొద్ది మ్యాచ్‌లతో వచ్చినవాళ్ల జాబితా చూస్తే ఆయన బాధేమిటో అర్థమవుతుంది. మిచెల్ ట్రుబిస్కీ, 13 స్టార్టులు (మొదటి నుంచీ ఆడించిన మ్యాచ్‌లు), మహోమ్స్ కంటే ఎనిమిది స్థానాలు ముందు వెళ్లాడు. రిచర్డ్‌సన్ కూడా 13. ట్రే లాన్స్ 17. మార్క్ సాంచెజ్ 16. ఆబర్న్‌లో 14 మ్యాచ్‌లే ఆడి ఎంవీపీ దాకా వెళ్లిన కామ్ న్యూటన్ లాంటివాళ్లూ ఉన్నారు, అందుకే ఇది తీర్పు కాదు, తూకంలో ఒక రాయి.

ఇప్పుడు సమస్య తిరగబడింది. కాలేజీ మారే వీలిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్, కాలేజీలోనే వచ్చే డబ్బు వల్ల కుర్రాళ్లు ఐదేళ్లు, ఆరేళ్లు ఆడుతున్నారు. బో నిక్స్ 61 స్టార్టులతో 2024లో వచ్చాడు. స్టార్టులు ఎక్కువుంటే మీకు చూడటానికి సరుకు ఎక్కువ, మంచిదే. కానీ 24 ఏళ్లవాడు 19 ఏళ్ల కార్నర్లను (రిసీవర్లను కాచే డిఫెండర్లను) ఆడిస్తే ఎంత మురిసిపోవాలి? అతను 20 ఏళ్లప్పుడు ఎలా ఆడాడో వెతికి చూడండి. బ్రాండన్ వీడెన్‌ను క్లీవ్‌లాండ్ 2012లో 28 ఏళ్ల వయసులో మొదటి రౌండ్‌లో తీసుకుంది. నేర్చుకోవడానికి టైమే మిగల్లేదు.

టేపు కొలతలకు పది నిమిషాలు చాలు

డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్లను పరీక్షించే ఇండియానాపొలిస్ కంబైన్‌లో ఎత్తు, బరువు, అరచేయి అన్నీ కొలుస్తారు, రెండు వారాలపాటు టీవీల్లో అవే. మరీ పొట్టిగా ఉంటే కష్టమే, కానీ ఆరడుగుల డ్రూ బ్రీస్, ఐదడుగుల పది అంగుళాల పైచిలుకు రసెల్ విల్సన్ ఇద్దరూ సూపర్ బౌల్ గెలిచారు. బరో అరచేయి 9 అంగుళాలని తేలినప్పుడు అతనే రిటైర్మెంట్ గురించి ఆలోచిస్తున్నానని జోకేశాడు. టామ్ బ్రేడీ 40 యార్డులు 5.28 సెకన్లలో పరిగెత్తి, ఆరో రౌండ్‌లో 199వ పిక్‌గా వెళ్లాడు.

బుర్ర పరీక్షలూ అంతే. 12 నిమిషాల్లో 50 ప్రశ్నల వండర్లిక్‌ను కంబైన్ నుంచి 2022లో తీసేశారు. 2023లో ఎస్2 అనే ఇంకో పరీక్షలో సీజే స్ట్రౌడ్‌కు చాలా తక్కువ వచ్చిందని బయటకు పొక్కింది. ఆ ఏడాది అఫెన్సివ్ రూకీ ఆఫ్ ద ఇయర్ (దాడి వైపు ఉత్తమ కొత్త ఆటగాడు) స్ట్రౌడే.

శరీరం విషయంలో మీరు నిజంగా పట్టించుకోవాల్సింది గాయాల చరిత్ర.

స్వభావం గురించి బయటివాళ్లకు తెలిసేది తక్కువ, పుకార్లు ఎక్కువ. జట్ల ఇంటర్వ్యూ గదుల్లో బోర్డు మీద ఏం గీశాడో మనకు తెలియదు. ఒక్కటి చేయొచ్చు. ఓడిన మ్యాచ్ తర్వాత ప్రెస్ మీట్ చూడండి. ఆ ఇంటర్‌సెప్షన్ ఎందుకు పడిందో అడిగితే, "సేఫ్టీ కిందకు దిగాడు, నేను ఒక్క క్షణం ఆలస్యంగా చూశాను" తరహాలో చెబుతున్నాడా, లేక "మేమింకా కష్టపడాలి" అంటూ గాలి కబుర్లా? ఆట తలలో తిరుగుతున్నవాడికి ఆ స్నాప్ సినిమాలా గుర్తుంటుంది.

ఎవరి చేతిలో పడ్డాడు

డ్రాఫ్ట్ రాత్రి దాకా మీరు చేసింది సగం పనే. మిగతా సగం అతని పేరు పక్కన ఏ జట్టు పేరు వచ్చిందో చూశాక మొదలవుతుంది.

2002లో కొత్తగా పుట్టిన హ్యూస్టన్ టెక్సన్స్ మొదటి పిక్‌తో డేవిడ్ కార్‌ను తీసుకుంది. అతని ముందు లైన్ అనేదే లేదు. ఆ సీజన్‌లో 76 సాక్‌లు, లీగ్ రికార్డు. ఆ తర్వాత ఏ కుర్రాడైనా పాకెట్‌లో నిశ్చింతగా నిలబడగలడా? మరోవైపు మహోమ్స్ మొదటి ఏడాది అలెక్స్ స్మిత్ వెనక కూర్చుని, ఆఖరి మ్యాచ్ మాత్రమే ఆడాడు. రెండో ఏడాది 50 టచ్‌డౌన్లు, ఎంవీపీ.

శాన్ ఫ్రాన్సిస్కో ఉదాహరణ ఇంకా ఘాటైనది. లాన్స్ కోసం మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు ధారపోసింది. 2023లో అతన్ని నాలుగో రౌండ్ పిక్‌కు డాలస్‌కు ఇచ్చేసింది. అదే కోచ్, అదే జట్టు, అదే ప్లేబుక్‌తో 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే ఆఖరున, 262వ పిక్‌గా వచ్చిన బ్రాక్ పర్డీ సూపర్ బౌల్ దాకా వెళ్లాడు. అయోవా స్టేట్‌లో పర్డీ దాదాపు నాలుగేళ్లు స్టార్టర్. మంచి ఇల్లు దొరికితే సరిపోదు, అందులో కాపురం చేయడానికి తయారై రావాలని కూడా ఈ కథలో ఉంది.

చూడాల్సినవి ఇవి. లెఫ్ట్ టాకిల్ ఎవరు. ప్లే కాల్ చేసేది హెడ్ కోచా, కోఆర్డినేటరా. కోఆర్డినేటర్ అయితే, సీజన్ బాగా జరిగిన మరుక్షణం అతన్ని ఇంకో జట్టు హెడ్ కోచ్‌గా ఎగరేసుకుపోతుంది, మీ కుర్రాడు మళ్లీ అఆఇఈల నుంచి మొదలుపెట్టాలి. హెడ్ కోచ్ ఉద్యోగం ఎంత గట్టిది. లారెన్స్ మొదటి సీజన్‌లో అర్బన్ మేయర్‌ను 13 మ్యాచ్‌లకే పంపించేశారు. ఏడాదిపాటు ఆడి కుర్రాడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వగల సీనియర్ క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడా. చెడ్డ జట్టులో మునిగినవాడు ఎప్పటికీ మునిగే ఉంటాడనీ కాదు. న్యూయార్క్ జెట్స్ వదిలించుకున్న సామ్ డార్నాల్డ్ 2024లో మిన్నెసోటాకు 14 మ్యాచ్‌లు గెలిపించాడు. కానీ అది నాలుగో జట్టు. డ్రాఫ్ట్‌లో అతన్ని తీసుకున్నవాళ్లకు ఒరిగిందేమీ లేదు.

రాసి పెట్టుకోండి

ఇవన్నీ అయ్యాక ఒకే పేజీలో రాయండి. "స్టారవుతాడు, కాడు" అని కాదు. మూడు గళ్లు గీసి వాటికి శాతాలు పంచండి: పదేళ్లు జట్టును మోసేవాడు, చుట్టూ అన్నీ కుదిరితే నడిపించేవాడు, మూడేళ్లలో బెంచి మీదకు చేరేవాడు. ఎంత నచ్చిన కుర్రాడికైనా మొదటి గడిలో 40 దాటించడానికి నాకు చేయి రాదు. మొదటి రౌండ్ చరిత్ర అంతకంటే ధైర్యం ఇవ్వదు. కింద రెండు వాక్యాలు: ఏ ఒక్క బలం అతన్ని నిలబెడుతుంది, ఏ ఒక్క అలవాటు ముంచుతుంది. జట్టు తెలిశాక ఇంకో రంగు సిరాతో శాతాలు మార్చండి, పాతవి కొట్టేయకుండా.

మొదటి సీజన్ అంకెలు చూసి ఆ పేజీని చింపెయ్యొద్దు, ఫ్రేమ్ కట్టించుకోనూ వద్దు. 1998లో మొదటి పిక్ పేటన్ మానింగ్, రెండో పిక్ రయన్ లీఫ్. మానింగ్ మొదటి ఏడాది 28 ఇంటర్‌సెప్షన్లు వేశాడు, జట్టు 3 గెలిచి 13 ఓడింది. లీఫ్ కెరీర్ మొత్తం మీద 14 టచ్‌డౌన్లు, 36 ఇంటర్‌సెప్షన్ల దగ్గర ముగిసింది. ఆ మొదటి డిసెంబర్‌లో ఒక్క ఇంటర్‌సెప్షన్ల అంకె మాత్రమే చూస్తే ఇద్దరూ ఇంత దూరం పోతారని చెప్పడం కష్టం. కాకపోతే మానింగ్ చేసిన తప్పే మళ్లీ మళ్లీ చేస్తున్నాడా, కొత్త తప్పులు చేస్తున్నాడా అని వారం వారం చూసినవాళ్లకు తేడా తెలిసే ఉంటుంది. మీ కుర్రాడి మొదటి ఏడాది కూడా చూడాల్సింది అదే. సెప్టెంబర్‌లో అతన్ని బోల్తా కొట్టించిన బ్లిట్జ్ (మామూలు కంటే ఎక్కువమంది అతని మీదకు దూసుకురావడం) డిసెంబర్‌లో కూడా బోల్తా కొట్టిస్తోందా?

మొదటి రౌండ్ ఆటగాళ్లకు ఐదో ఏడాది ఆప్షన్, అంటే ఒప్పందాన్ని ఇంకో ఏడాది పొడిగించే వీలు, తీసుకోవాలా వద్దా అన్నది జట్లు మూడో సీజన్ అయ్యాక, మే మొదట్లోగా తేల్చాలి. మీ పేజీని బయటికి తీయాల్సిన తేదీ కూడా అదే. గ్రూపులో పెట్టే ముందు ఎర్రసిరా గీతలు మాత్రం ఇంకోసారి చదువుకోండి.